ప్రముఖుల ప్రథమ మింగుడు విధానం

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, సున్నాను కూడా కనిపెట్టింది. ఇంత కనిపెట్టాక కూడా ఒక గోలీని ముందు ఎవరు మింగాలన్న ప్రశ్న మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఆ లోటు తీర్చిన ఘనత మన బీదర్ జిల్లాకు దక్కింది. "ప్రముఖుల ప్రథమ మింగుడు విధానం" అనే పేరుతో ఆదేశం వెలువడింది, దాని కింద గుండ్రటి ముద్ర కూడా పడింది. (ముద్రలో అక్షరాలు అలుక్కుపోయాయి. అధికారం అలుక్కుపోలేదు.)

ఈ విధానం పుట్టిన ఊరు బొంతగేరి. మన్నాఏఖేళ్ళి దగ్గర హైవే దిగి చెరుకు బండ్ల వెంట లోపలికి పోతే వస్తుంది. ఊరివాళ్లు ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ, కోపంలో దక్ఖనీ మాట్లాడతారు. ఊరి పక్కన ఒక కుంట ఉంది. శ్రీశైల్ షేట్ గారి చక్కెర కార్ఖానాలో పని ముగించుకున్న నల్లనీళ్లు వచ్చి ఆ కుంటలో విశ్రాంతి తీసుకుంటాయి. అవి శుద్ధి చేసిన నీళ్లని కార్ఖానావారు బోర్డు పెట్టారు. దోమలకు ఆ బోర్డు మీద పూర్తి నమ్మకం ఉంది, తాలూకాలోని దోమలన్నీ అక్కడే గుడ్లు పెడుతున్నాయి.

ఆ దోమలు మోసుకొచ్చేది బోదకాలు. ఒకరి రక్తంలో ఉన్న పురుగును ఇంకొకరి రక్తంలోకి చేరవేస్తాయి. వాచిన కాలు మళ్లీ మామూలు కాలు కాదు. అందుకని వాచకముందే, చంటిపిల్లలూ గర్భిణులూ మంచాన పడ్డవాళ్లూ తప్ప ఊరంతా ఏడాదికోసారి గోలీలు మింగాలి. నలుగురు మింగి నలభై మంది దాచుకుంటే లాభం లేదు.

గోలీలు మింగించే బాధ్యత ఆశా కార్యకర్త ప్రేమలది. ఆమె అత్త శంకరమ్మకు కుడికాలు బోదకాలు. ఏ చెప్పూ పట్టదు కాబట్టి ఆ కాలికి పాత టవలు చుట్టుకుని నడుస్తుంది. గోలీలు మొదటిసారి రాకముందటి వానాకాలం ఊళ్లో రక్తం తీసి చూస్తే ప్రేమల కూతురు పింకి రక్తంలో పురుగు తేలింది. పింకికి ఎనిమిదేళ్లు. కాళ్లు సన్నగా, చురుగ్గా ఉన్నాయి, పొద్దస్తమానం తొక్కుడుబిళ్ల ఆడుతుంది. డాక్టరు పిల్లకు వేరేగా మందిచ్చి, "ఇదైతే తగ్గుతది. ఊరు మింగకుంటె మాత్రం వచ్చే వానకు మళ్ల ఇదే కత" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రేమల కళ్లు కూతురి మడమల మీదే ఉన్నాయి. స్నానం చేయించేటప్పుడు రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి కొలిచినట్టు చూస్తుంది.

ఇంతకీ ఊరు ఎందుకు మింగలేదు? ఆ ఊరికి మూర్ఖత్వం లేదు, అనుభవం ఉంది. (మన ఆఫీసుల్లో ఈ రెంటికీ ఫారంలో ఒకే గడి కేటాయించారు.) పైగా ఊరికి సంగయ్య ఉన్నాడు. సంగయ్య శంకరమ్మ మొగుడు, ప్రేమలకు మామ. చుట్టుపక్కల పెళ్లిళ్లకూ జాతరలకూ వంట ఆయనదే. ఆ వైపు ఊళ్లలో ఒక ఆచారం ఉంది. పంక్తి కూర్చోకముందు వండినవాడు అందరి ముందర ఒక ముద్ద తినాలి. తిని, నోరు తుడుచుకుని, "ఇగ కానియ్యుండ్రి" అనాలి. అప్పటిదాకా పెళ్లికొడుకు తండ్రి అయినా సరే విస్తరి ముట్టడు.

మొదటి ఏడు ప్రేమల స్కూలు ముందర టేబుల్ వేసుకుని అందరూ చూస్తుండగా గోలీలు తనే ముందు మింగింది. నోరు తెరిచి చూపించింది కూడా.

సంగయ్య తల అడ్డంగా ఊపాడు. "నువ్వు మింగితే లెక్కల రాదు బిడ్డా. నువ్వు వడ్డిచ్చేటిదానివి. వండినోడు మింగాలె."

"వండినోడంటే ఎవరు మామా? కంపెనీవాళ్లు యాడనో ఉంటరు, గాళ్లను ఎట్ల తెచ్చేది?"

"గింత దూరం ఎందుకే? డబ్బా మీద ఎవని ఫోటో ఉంటె వాడే వండినోడు."

డబ్బా మీద మాన్య నాయకులు గుండేరావ్ గారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. పక్కన చిన్నగా శ్రీశైల్ షేట్ గారు, సామాజిక బాధ్యతతో. గోలీల పేరు కోసం మాత్రం డబ్బా తిరగేసి చూడాల్సి వచ్చింది.

"గీ సాబ్ మింగాలె, గీ షేటు మింగాలె," అన్నాడు సంగయ్య. "ఫుకట్‌గ ఇంటికొచ్చి ఇస్తున్నరంటె జర సోంచాయించాలె. ఓట్లు లేవు, జాతర లేదు, ఊకెనే ఇస్తరా?"

స్కూలు గడప మీద కాలు చాపుకుని కూర్చున్న శంకరమ్మ అందుకుంది. "గా సాబు సర్కారు తుమ్మచెట్లు మింగిండు, చెరువు మింగిండు, రోడ్డుకొచ్చిన కంకర మింగిండు. ఆయనకు గోలి మింగుడొక కష్టమా? రమ్మనుండ్రి."

ఊరంతా నవ్వింది. నవ్వి, గోలీలు కొంగుల్లో ముడివేసుకుని ఇళ్లకు పోయింది. (ఆ ముడులు తర్వాత కుంటలోకే చేరాయి. దోమలకు ఏ హానీ జరగలేదు.)

ఈ వార్త బీదర్‌కు చేరింది. అక్కడ భీమ్‌రావ్ గారని ఒక అధికారి ఉన్నారు. ఏ సమస్య వచ్చినా "ఆయ్తు, ఆయ్తు" అంటారు. అంటే కన్నడంలో అయిపోయింది అని. ఆయన అన్నాక అయిపోయిందా లేదా అని మళ్లీ చూసినవాళ్లు లేరు. ఆయన్ని జిల్లా మింగుడు నోడల్ అధికారిగా నియమించారు. ఆయన కలం తీసి ఆదేశం రాశారు. ప్రముఖులు మాత్రను కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కెమెరాకు చూపవలెను. మాత్ర కన్నా ముఖమే పెద్దగా కనపడవలెను. మింగిన పిమ్మట ప్రముఖులను నోరు తెరవమని అడగరాదు. (ప్రముఖుల నోరు తెరిపించే అధికారం ఏ శాఖకూ లేదని న్యాయసలహా అందింది. మూయించే అధికారం గురించి ఎవరూ సలహా అడగలేదు.)

ప్రథమ మింగుడు ఉత్సవం బొంతగేరి స్కూలు ఆవరణలో జరిగింది. షామియానా, మైకు, శ్రీశైల్ షేట్ గారి కార్ఖానా పేరున్న టోపీలు. దోమల నివారణ మీద షేట్ గారు హృదయాన్ని కదిలించే ఉపన్యాసం ఇస్తూ మధ్యమధ్య మెడ మీద చరుచుకున్నారు. తర్వాత, ఈ రోజు తనకు ఉపవాసమనీ, గోలీలు తిన్నంకనే వేసుకోవాలని ప్రేమలమ్మే చెప్పిందనీ, ఆరోగ్య నియమాలను ఉల్లంఘించడం తన స్వభావం కాదనీ చెప్పి కూర్చున్నారు. చప్పట్లు పడ్డాయి. ఉపవాసం కాబట్టి జీడిపప్పు మాత్రమే తిన్నారు.

గుండేరావ్ గారు లేచారు. గోలీలను నియమం ప్రకారం కెమెరాకు చూపించారు, నోట్లో వేసుకున్నారు, మూత తీయని సీసా తెప్పించి నీళ్లు తాగారు. పిమ్మట ఉపన్యాసం ఇవ్వాల్సి ఉంది, ఇవ్వలేదు. చేతులు జోడించి గబగబా కారు వైపు నడిచారు. గుండేరావ్ గారు మైకు ముందు నుంచి మాట్లాడకుండా పోవడం జిల్లా చరిత్రలో అదే మొదలు. ఆ ఒక్కదానికే జనానికి అనుమానం రావాల్సింది.

కార్లు ఆపింది స్కూలు గోడ వెనక. ఆ గోడ వెనకే సంగయ్య పొయ్యి పెట్టి వచ్చిన పెద్దమనుషులకు వంట చేస్తున్నాడు. గుండేరావ్ గారు కారు డోరు తీసి, అటూ ఇటూ చూసి, "థూ" అన్నారు. గోలీలు టైరు దగ్గర పడ్డాయి. పొయ్యి దగ్గర నూకల కోసం తిరుగుతున్న ఒక చుక్కలకోడి పరుగెత్తుకుంటూ వచ్చి, కెమెరాకు చూపించకుండానే వాటిని మింగేసింది.

ఆ కోడి పింకిది. పేరు చుక్కి.

"అమ్మో, నా చుక్కి సచ్చిపోతది!" అని పింకి ఏడుపు లంకించుకుంది. సంగయ్య గరిటె పట్టుకునే ఊళ్లోకి వచ్చి నిలబడ్డాడు. "వండినోడు ఉమ్మిండు," అన్నాడు. ఆ సాయంత్రం బొంతగేరిలో ఒక్కరు కూడా గోలి ముట్టలేదు. ప్రేమల ఎవరూ రాని టేబుల్ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆమెకు గుండేరావ్ గారి మీద వచ్చిన కోపం కన్నా మామ మీద వచ్చిన కోపమే ఎక్కువ.

ఊరు మాత్రం కోడిని గమనించడం మొదలుపెట్టింది. మొదట జాలితో, తర్వాత కుతూహలంతో, చివరికి దాదాపు శాస్త్రీయంగా. తెల్లారేసరికి చుక్కి బతికే ఉంది. మర్నాడు మేత బాగా తిన్నది. వారం తిరిగేసరికి ఈకలు నిగనిగలాడాయి, ఎప్పుడూ ఏదో మూలుగుతున్నట్టుండే కోడి గోడలెక్కి అరవడం మొదలుపెట్టింది, మానేసిన గుడ్లు మళ్లీ పెట్టింది. దాని కడుపులో ఉన్న పురుగులు పోయాయని ప్రేమల చెప్పింది. చెప్పక్కర్లేదు, చూసినవాళ్లు చూశారు. పొద్దున్నే పాలకు పోయేవాళ్లు సంగయ్య ఇంటి ముందర ఆగి, "ఎట్లున్నది?" అని అడిగి పోయేవారు. అట్లా ఊరు మొత్తం చేత ఆరోగ్యం అడిగించుకున్న మొదటి ప్రాణి అదే. శంకరమ్మ కాలి గురించి ఏనాడూ ఎవరూ అడగలేదు.

సంగయ్య ఆలోచించి తీర్పు చెప్పాడు. "సాబ్ నోట్ల అబద్ధం ఉంటది. కోడికి గా తెలివి లేదు. మింగుండ్రి."

ఊరు మింగింది. ప్రేమల డబ్బాలు ఖాళీ అయ్యాయి.

బీదర్‌లో భీమ్‌రావ్ గారు "ఆయ్తు" అని నివేదిక రాశారు. ప్రముఖుల ప్రథమ మింగుడు విధానం ఘనవిజయం సాధించిందనీ, గుండేరావ్ గారి స్ఫూర్తితోనే ఊరు కదిలిందనీ అందులో ఉంది. అంతలో చిట్గుప్ప వైపు ఊళ్ల నుంచీ భాల్కి వైపు ఊళ్ల నుంచీ విన్నపాలు రాసాగాయి. అన్నిట్లోనూ ఒకే మాట: మాకు సాబ్ వద్దు, ఆ కోడిని పంపండి. భీమ్‌రావ్ గారు కంగారుపడలేదు. "ప్రముఖులు" అన్న మాటకు నిర్వచనం సవరించి, "రెండు కాళ్లపై నడచు ఎవరైనను" అని చేర్చారు. (ఈ సవరణకు గుండేరావ్ గారి ఆఫీసు అభ్యంతరం చెప్పలేదు. చదవలేదు.)

ఆ మీదట చుక్కికి సన్మానం నిర్ణయమైంది. బీదర్ అతిథి గృహంలో గుండేరావ్ గారి చేతుల మీదుగా. ప్రేమల కోడిని బుట్టలో పెట్టుకుని, పింకిని వెంటబెట్టుకుని బస్సెక్కింది. పింకి కోడి మెడలో బంతిపూల దండ వేసింది. అతిథి గృహం గేటు దగ్గర కాపలాదారు బుట్టలోకి చూశాడు. మనుషులు ముందు దారిన పోవాలి, కోడి పెరటి దారిన పోవాలి అన్నాడు.

"ఇది అతిథి అన్నా," అంది ప్రేమల. "దీనికే సన్మానం."

"గట్లనా? అయినా కోళ్లకు ఒకటే దారి ఉన్నదమ్మా. దండేసుకుని వస్తె దారి మారదు."

బుట్ట పెరటి దారిన పోయింది. ప్రేమలనూ పింకినీ హాల్లో కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు సాగాయి. సన్మానగ్రహీత కోసం వేదిక మీద వేసిన చిన్న పీట ఖాళీగా ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుండేరావ్ గారు పళ్లు కుట్టుకుంటూ వచ్చి మైకు అందుకున్నారు. ఈ జిల్లా నాటుకోడి రుచి దేశంలో ఎక్కడా లేదని మొదలుపెట్టారు. పింకి లేచి నిలబడింది. ఆ పిల్ల ఏడుపు మైకులో వినపడింది గానీ, దాన్ని భావోద్వేగంగా నమోదు చేశారు.

భీమ్‌రావ్ గారు ఆ సాయంత్రమే ఫైల్లో ఒక మాట చేర్చారు. సదరు మాత్రలు కోడి మార్గమున తుదకు ప్రముఖుల ఉదరమునకు చేరియుండవచ్చును గావున, ప్రథమ మింగుడు సంపూర్ణమైనట్లు భావించవలెను.

ఏడాది తిరిగింది. కొత్త డబ్బాలు వచ్చాయి. వాటి మీద గుండేరావ్ గారి ఫోటో ఇంకొంచెం పెద్దదైంది. డాక్టరు ప్రేమలకు మళ్లీ అదే మాట చెప్పాడు. పింకి రక్తం శుభ్రంగానే ఉంది, కానీ ఊరు ఈ ఏడు ఆపితే, పోయినేడు మింగినదంతా నీళ్లపాలు.

ప్రేమల ఇంటింటికీ తిరిగింది. తలుపులు మూసుకోలేదు, కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు. చాయ్ ఇచ్చి, "గా కోడి యాడున్నదమ్మా?" అని అడిగారు.

ఇంటికొచ్చి మామ ముందర డబ్బా పెట్టింది. "నువ్వొక్క మాట చెప్తె మింగుతరు మామా. నీ మనుమరాలి కాళ్లు చూసి చెప్పు."

సంగయ్య డబ్బా మీది నవ్వు చూసి మొహం తిప్పుకున్నాడు. "గోలి తిన్న కోడిని నమ్మినం. గా కోడిని తిన్నోన్ని ఎట్ల నమ్మాలె?"

అప్పుడు శంకరమ్మ లేచింది. ఆమె లేవడమంటే మాటలు కాదు, టవలు చుట్టిన కాలిని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టుకోవాలి. వచ్చి మొగుడి ముందర నిలబడింది.

"ఓ పింకి తాతా, నీకు కండ్లున్నయా పోయినయా? పోయినేడు అందరికన్న ముందుగాల మింగింది ఎవరు? నీ కోడలు. నోరు తెరిచి సూపిచ్చింది. నువ్వు లెక్కల రాదంటివి. సాబు లెక్కల వచ్చిండు, కోడి లెక్కల వచ్చింది, ఇంటి ఆడిది రాలే. ఇగో ఈ కాలు చూడు. నా అప్పుడు గోలి ఇచ్చేటోళ్లు లేకుండె. ఉంటె ఎవని ఫోటో ఉన్నా మింగుతుంటి. నీ మనుమరాలికి ఇసొంటి కాలొస్తె గుండేరావ్ వచ్చి మోస్తడా?"

సంగయ్య పెళ్లాం కాలు వైపే చూస్తూ కూర్చున్నాడు. అన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న కాలిని ఆయన అప్పుడే చూస్తున్నట్టుంది.

ఆ వారమే జాతర. వంట సంగయ్యదే. అన్నం, చారు, గోధుమ హుగ్గి. గోధుమలు, బెల్లం కలిసి ఉడికే హుగ్గి వాసన వస్తే ఈ వైపు జనం కోర్టు వాయిదాలు కూడా మానుకుంటారు. పంక్తి కూర్చుంది. అన్నం అయింది, చారు అయింది. హుగ్గి రాలేదు.

సంగయ్య పొయ్యి దగ్గర నుంచి ప్రేమలను పిలిచాడు. గోలీల డబ్బాలు తెప్పించాడు. డబ్బాలు చింపి గోలీలన్నీ తన పెద్ద ఇత్తడి పళ్లెంలో పోశాడు. ఫోటోలున్న అట్టలను ఒక్కొక్కటిగా పొయ్యిలో పెట్టాడు. అవి బాగానే మండాయి.

"ఇప్పుడు చూడుండ్రి," అన్నాడు పంక్తి వైపు తిరిగి. "డబ్బా లేదు, సాబు లేడు, షేటు లేడు. ఇది నా పళ్లెం. వండినోన్ని నేను."

ప్రేమల చెప్పినన్ని గోలీలు ఆమె చేతి నుంచే తీసుకుని, నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్లు తాగాడు. నాలుక బయట పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు పంక్తి పొడుగునా నడిచి అందరికీ చూపించాడు. నాలుక మీద ఆకువక్క ఎరుపు తప్ప ఇంకేమీ లేదు. మూతి తుడుచుకున్నాడు.

"ఇగ కానియ్యుండ్రి. ఇది మింగినోనికే హుగ్గి."

పంక్తిలో అందరికన్నా ముందు చెయ్యి చాపింది పింకి. ఆ పిల్ల వెనక పంక్తి మొత్తం చాపింది. ప్రేమల వయసులు అడుగుతూ లెక్క తప్పకుండా వడ్డించింది, వెనకాల సంగయ్య నోళ్లు చూసుకుంటూ హుగ్గి వేశాడు. దాచుకున్న ఒకరిద్దరు హుగ్గి పక్క విస్తట్లో పడటం చూసి, సిగ్గుపడి మింగేశారు. ఏ ఆదేశమూ లేకుండా, ఏ ముద్రా లేకుండా పని అయిపోయింది. సహజంగానే అది సమస్య అయింది.

భీమ్‌రావ్ గారికి విషయం తెలిసి మొదటిసారి "ఆయ్తు" అనలేదు. ప్రముఖులు లేరు. కెమెరా లేదు. డబ్బాలు లేవు, ఉన్నవాటిని కాల్చారు. విధానంలో ఇత్తడి పళ్లెం ప్రస్తావనే లేదు. కనుక బొంతగేరి మింగుడు చెల్లదని తేలింది. మింగినవాళ్ల సంఖ్యను సున్నాగా రాసి, సంజాయిషీ ఇవ్వమని ప్రేమలకు నోటీసు పంపారు. (సున్నాను కనిపెట్టిన సంగతి మొదట్లోనే మనవి చేశాను.) గుండేరావ్ గారి ప్రథమ మింగుడు మాత్రం ముందే ఖరారైన కార్యక్రమం కాబట్టి, నిర్ణయించిన తేదీకి బొంతగేరిలోనే జరిగిపోయినట్టు నమోదైంది.

వానలు పడ్డాయి, కుంట నిండింది, షేట్ గారి బోర్డుకు కొత్త రంగు పడింది. ఊళ్లో మళ్లీ రక్తం తీశారు. పింకి రక్తంలో ఏమీ లేదు. ఆ మాట చెప్పగానే ప్రేమల అక్కడే కూలబడి, కూతురి రెండు కాళ్లూ ఒళ్లో పెట్టుకుని ముద్దులు పెట్టింది. పింకి చక్కిలిగింతలకు మెలికలు తిరిగి, "ఇడువమ్మా, ఆట పోతాంది," అని తొక్కుడుబిళ్ల గీతల్లోకి పరుగెత్తింది. శంకరమ్మ గడప మీద నుంచి చూస్తూ నవ్వింది.

నోటీసు ఇంకా ప్రేమల ఇంట్లో దూలానికి గుచ్చి ఉంది. జవాబు ఎట్లా రాయాలో చెప్పమని ఆమె నన్ను అడిగితే జిల్లా నివేదిక తెప్పించి చదివాను. దాని ప్రకారం ఈ ఏడు బొంతగేరిలో గోలి మింగింది గుండేరావ్ గారు ఒక్కరే. ఆ రోజు ఆయన బెంగళూరులో ఉన్నారు.